డెల్టాకు పరిశోధన గ్రాంటు: అపోహలు - వాస్తవాలు

గోదావరి జిల్లాల్లోని ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో మైక్రోబయాలజీ పాఠాలు చెబుతూ, ల్యాబ్ కూడా చూసుకుంటాను. పరిశోధన గ్రాంటు మాట ఎత్తితే బయటివాళ్లే కాదు, మా స్టాఫ్ రూమ్‌లో వాళ్లూ అనే మాటలు ఇవి.

అపోహ: పరిశోధన ఢిల్లీ, హైదరాబాద్ వాళ్ల పని. మనం ఓపీ చూసుకుంటే చాలు.

వాస్తవం: 2020 డిసెంబర్‌లో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు. నమూనాలు ఢిల్లీ ఎయిమ్స్‌కూ, హైదరాబాద్ సంస్థలకూ వెళ్లాయి. రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని ఎయిమ్స్ చెప్పింది. పురుగుమందుల మీదా అనుమానాలు వచ్చాయి. ఇలాంటప్పుడు పరీక్ష ఎక్కడ చేసినా ఫర్వాలేదు గానీ, నమూనా మాత్రం మొదటి కొన్ని గంటల్లో, ఇక్కడే తీయాలి. సీసం చూడాలంటే లోహపు ఆనవాళ్లు లేని ప్రత్యేకమైన ట్యూబు కావాలి. మామూలు ట్యూబులో తీస్తే రక్తంలో ఉన్నదేదో, ట్యూబులోంచి దిగినదేదో తేలదు. ఈ సంగతి తెలిసిన మనిషీ, ఆ ట్యూబుల స్టాకూ జిల్లాలో ముందే ఉండాలి.

ముందే ఉంటే ఏమవుతుందో కూడా చూశాం. 2020 మార్చిలో రాష్ట్రంలో కోవిడ్ పరీక్షలు మొదలైనప్పుడు చేయగలిగిన కొద్ది ల్యాబుల్లో కాకినాడ రంగరాయ వైద్య కళాశాల ఒకటి. వైరస్ ల్యాబుల కోసం కేంద్రం అంతకు చాలా ఏళ్ల ముందే పథకం పెట్టింది. అప్పుడది ఎవరికీ పెద్ద వార్త కాదు.

ఇక బోదకాలు సంగతి. దానికి ఆ రోగం ఉన్న జిల్లాల్లో మింగించే డీఈసీ మాత్ర వెనకున్న యల్లాప్రగడ సుబ్బారావు పుట్టింది భీమవరంలోనే. రోగం మా దగ్గర, మనిషి మావాడు, ల్యాబ్ మాత్రం అమెరికాలో.

అపోహ: మెషిన్లు వస్తే పరిశోధన వచ్చినట్టే.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. రిబ్బన్ కత్తిరించడానికి మెషిన్ బాగుంటుంది కాబట్టి డబ్బు ముందు అటే పోతుంది. నమూనాలు దాచే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌నే తీసుకోండి. కొనడం తేలిక. తలుపు అంచున మంచు పేరుకుంటే సరిగ్గా మూసుకోదు, ప్లాస్టిక్ గరిటెతో గీకుతూ ఉండాలి. మే నెల ఉక్కపోతలో గదిలో ఏసీ ఆగితే కంప్రెసర్ మీద భారం. తుపాను రాత్రి కరెంటు పోతే జనరేటర్ వేసేవాడు కావాలి, డీజిల్ కావాలి. డీజిల్ ఏ పద్దులో రాయాలో ఎవరూ చెప్పరు. వారంటీ అయ్యాక మెయింటెనెన్స్ కాంట్రాక్టుకు డబ్బుండదు. ఇవన్నీ నేర్చుకున్న కాంట్రాక్టు టెక్నీషియన్ జీతం నెలల తరబడి రాక ప్రైవేటు డయాగ్నస్టిక్ సెంటర్‌కి వెళ్లిపోతాడు. వెళ్లకేం చేస్తాడు, ఇల్లు గడవాలిగా!

మెషిన్ల కంటే ముందు మనుషుల మీద డబ్బు పెట్టడం ఎలాగో చూడండి. అమెరికాలో నిధులు తక్కువ అందే రాష్ట్రాల కోసం అక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ 1993లో ఐడియా అనే కార్యక్రమం పెట్టింది. 23 రాష్ట్రాలు, ప్యూర్టోరికో దాని కిందకు వస్తాయి. అందులో పరిశోధన కేంద్రాలకిచ్చే ఒక గ్రాంటు ఐదేళ్లకొక దశ చొప్పున మూడు దశలు, మొత్తం 15 ఏళ్లు సాగగలదు. ఆ డబ్బుతో కుర్ర పరిశోధకులను సీనియర్ల కింద పెట్టి తయారుచేస్తారు, తర్వాత వాళ్లే సొంతంగా గ్రాంట్లు తెచ్చుకుంటారు. ఊరికే పంచిపెట్టడమూ కాదు, ప్రతి దరఖాస్తునూ నిపుణులు వడపోస్తారు. వెనుకబడిన చోట డబ్బు పెడితే మెరిట్ పోతుందనేవాళ్లు దీన్నోసారి చూడాలి.

అపోహ: కొత్త జాతీయ పరిశోధన ఫౌండేషన్‌కి 50 వేల కోట్లు, ఇక కొదవేముంది!

వాస్తవం: అది అయిదేళ్ల అంచనా, అన్ని శాస్త్రాలకూ కలిపి. అందులో సుమారు 36 వేల కోట్లు ప్రభుత్వం బయటి నుంచి రావాలి.

అపోహ: గ్రాంటు డబ్బు డాక్టరు జేబులోకే.

వాస్తవం: డబ్బు వచ్చేది సంస్థ ఖాతాకి. ప్రతి రూపాయికీ వినియోగ పత్రం పంపాలి. మా టెన్షన్ తినేస్తామేమో అని కాదు, టెండరు తేలేలోపు మార్చి దాటి ఆర్థిక సంవత్సరం అయిపోతుందేమో అని.

అపోహ: రక్తం తీసుకెళ్లి జనం మీద ప్రయోగాలు చేస్తారు.

వాస్తవం: కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ మీద 2019లో వచ్చిన నిబంధనల ప్రకారం, అధ్యయనం న్యాయంగా ఉందో లేదో చూసే ఎథిక్స్ కమిటీ రిజిస్టరై ఉండాలి, అది ఒప్పుకోనిదే అధ్యయనం మొదలుకాకూడదు. అంగీకార పత్రం తెలుగులో చదివి వినిపించాలి. చదువురాని వాళ్లు వేలిముద్ర వేస్తే, అధ్యయనంతో సంబంధం లేని సాక్షి పక్కనుండాలి. అయితే ఈ అనుమానం గాల్లోంచి పుట్టలేదు. గోదావరి ఎగువన భద్రాచలం వైపు, అప్పటి ఖమ్మం జిల్లాలో, గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసిన ప్రాజెక్టులో తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్ల సంతకాలతో పని కానిచ్చారని పార్లమెంటరీ కమిటీ 2013లో తప్పుపట్టింది. కాబట్టి జనం అడుగుతారు, అడగాలి. విసుక్కోకుండా చెప్పడం మా పనిలో భాగం.

రాజమహేంద్రవరం, ఏలూరుల్లో 2023లో కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అక్కడ పరిశోధన యూనిట్ కోసం ప్రతిపాదన రాసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పరికరాల జాబితా చివర్లో పెట్టండి. ముందు టెక్నీషియన్ జీతం అయిదేళ్లకు రాయండి, మెయింటెనెన్స్ రాయండి. డీజిల్ కూడా రాయండి, కొట్టేస్తే కొట్టేయనివ్వండి.