నకిలీ వార్తల పాఠం: ఒక్క పూట సదస్సా, వారం వారం పీరియడా?

ముసురు పట్టిన రాత్రి ‘రేపు బడులకు సెలవు’ అంటూ కలెక్టర్ పేరుతో ఒక ఉత్తర్వు ఫొటో గ్రూపుల్లో తిరుగుతుంది. కింద సంతకం, పైన ముద్ర అన్నీ ఉంటాయి. తేదీ మాత్రం నిరుటిది, లేదా దిద్దినది. ఇలాంటిది వచ్చిన ప్రతిసారీ నకిలీ వార్తను పట్టుకోవడం పిల్లలకు ఎలా నేర్పాలన్న పాత వాదన నల్లగొండ, పాలమూరు టీచర్లలో మళ్లీ లేస్తుంది. ఏడాదికోసారి సైబర్ అవగాహన సదస్సు పెడితే చాలని కొందరంటారు. పదో తరగతి సిలబస్ ఒత్తిడి వాళ్లది, అది నిజమే. వారానికో పీరియడ్ కావాలనే వాళ్ల మాట అర్థం కావాలంటే 2018 వేసవి నాటి గద్వాలను చూడాలి.

పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు దిగాయని ఆ ఎండాకాలం ఆడియోలు, వీడియోలు ఊరూరా తిరిగాయి. ఆరుబయట మంచాలేసుకుని పడుకునే జనం తలుపులు బిగించుకున్నారు. మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్‌ను గుంపు కొట్టి చంపింది. జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడలో ఐదుగురు బలయ్యారు. ఫార్వర్డ్‌కు గుర్తు, ఐదు చాట్ల పరిమితి వాట్సాప్ తెచ్చింది ఆ తర్వాతే. జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల్లో మాత్రం ఆ వదంతికి ఒక్కరూ బలి కాలేదు.

అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి డప్పు కళాకారులతో ఊళ్లలో పాటలు కట్టించి పాడించారు. జనానికి గుర్తున్నది ఆ డప్పే. కానీ అసలు పని చేసింది ఊరికో పోలీసును కేటాయించడం. అతను మళ్లీ మళ్లీ వచ్చాడు, ఊరి వాట్సాప్ గ్రూపులో చేరాడు. అనుమానం వచ్చిన మెసేజ్ పట్టుకుని అడగడానికి తెలిసిన మనిషి దొరికాడు. ‘నమ్మకండి’ అని ఒకసారి చెప్పి వెళ్లిపోయి ఉంటే ఆ ఫలితం వచ్చేది కాదు. బడి విషయంలోనూ మలుపు ఇక్కడే ఉంది.

దీనికి కొలిచి చూసిన ఆధారం బిహార్‌లో దొరుకుతుంది. 2019 ఎన్నికల సమయంలో అక్కడ 1,224 మందితో చేసిన ప్రయోగంలో దాదాపు గంటసేపు శిక్షణ ఇచ్చారు. తప్పుడు వార్తను గుర్తుపట్టడంలో సగటున చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తర్వాత 583 గ్రామాల్లో 8 నుంచి 12వ తరగతి వరకు 13,500 మందికి పైగా విద్యార్థులతో మరో ప్రయోగం జరిగింది. ఈసారి 14 వారాల్లో విడతలవారీగా నాలుగు క్లాసులు పెట్టారు. పిల్లలు మెరుగయ్యారు, నెలల తర్వాతా ఆ నేర్పు నిలిచింది. సదస్సు చాలనే వాళ్లు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

పీరియడ్‌లో ఏం చేయించాలంటే, వరద రోజుల్లో వచ్చే ‘సాగర్ గేట్లు’ వీడియోనే తీసుకోండి. గేట్లు స్పష్టంగా కనిపించే చోట ఆపి స్క్రీన్‌షాట్ తీయాలి. పైన అతికించిన అక్షరాలు, నల్లటి అంచులు కత్తిరించి, బొమ్మతో వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లో పెట్టాలి, లేకపోతే లెన్స్ బొమ్మను వదిలి అక్షరాల వెంట పోతుంది. తర్వాత గేట్లు లెక్కపెట్టించండి. నాగార్జునసాగర్‌కు 26, శ్రీశైలానికి 12. శ్రీశైలమని చెప్పిన ఫ్రేములో 12 కన్నా ఎక్కువ కనిపిస్తే అది శ్రీశైలం కాదు. కట్ట మీద బండి నంబరు టీజీ అయితే వీడియో 2024 మార్చికి ముందుది కాదు. టీఎస్ అయితే కొత్తదో పాతదో తేలదు, ఆ నంబర్ల బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. అదే వీడియో ఐదు యూట్యూబ్ చానళ్లలో కనిపిస్తే ఐదు సాక్ష్యాలు దొరికాయనుకుంటారు. అన్నీ ఒకదాన్నొకటి ఎత్తుకున్నవే. అన్నిటికన్నా ముందు ఎక్కించింది ఎవరో, ఏ తేదీనో వెతికించాలి. లెన్స్‌లో ఏమీ దొరకలేదంటే వీడియో నిజమని కాదు. కుడిఎడమలు తిప్పేసినా దొరక్కపోవచ్చు.

స్కాలర్‌షిప్ లింకులు మరో పాఠం. చిరునామాలో డబుల్ స్లాష్ (//) తర్వాత వచ్చే తొలి ఒంటి స్లాష్ గీత (/) దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి చదవాలి. తెలంగాణ స్కాలర్‌షిప్‌ల అసలు సైటు ఈపాస్‌కు ఆ గీత ముందు ‘సీజీజీ డాట్ జీవోవీ డాట్ ఇన్’ ఉంటుంది. ‘జీవోవీ’ పేరు మధ్యలో ఇరికించి, చివర ఇంకేదో ఉంటే అది నకిలీ. పేజీ మీద ముఖ్యమంత్రి బొమ్మ, రాజముద్ర ఉన్నాయా అని చూడటం పిల్లలకు అలవాటు. వాటిని అతికించడం నిమిషం పని.

బడిలో ఫోన్లు వద్దనే నిబంధనను చాలామంది అడ్డంకిగా చూపుతారు. టీచర్ ఫోన్ ఒకటి, ప్రింట్ తీసిన నాలుగు స్క్రీన్‌షాట్లు ఉంటే నలుగురైదుగురి జట్లతో క్లాసు నడుస్తుంది. మిగతాది ఇంటి పని: ఇంట్లో వాళ్ల గ్రూపులో వచ్చిన ఒక మెసేజ్‌ను నోట్‌బుక్‌లో రాసుకుని రావాలి, ఎవరు పంపారో కాదు, మొదట ఎక్కడ పుట్టిందో వెతకాలి. బిహార్‌లో క్లాసుకు రాని తల్లిదండ్రులు కూడా మెరుగయ్యారు.