కొండ మీద మాయమై కుండీల్లో మిగిలిన నీలం

చిలీ రాజధాని సాంటియాగో సమీపంలోని ఆండీస్ కొండల్లో బెత్తెడు ఎత్తు పెరిగి ముదురు నీలిరంగు పూలు పూసే టెకోఫిలియా సయానోక్రోకస్ అనే దుంపమొక్కను, ఆ నగరంలో స్థిరపడిన జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిచ్ లేబోల్డ్ 1862లో శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. పేరులోని మొదటి మాట, అంటే ప్రజాతి (దగ్గరి జాతుల సమూహం) పేరు, ఇటలీకి చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు లుయీజీ కొల్లా కుమార్తె, మొక్కల చిత్రకారిణి అయిన టెకోఫిలా పేరు మీదుగా వచ్చింది. రెండో మాట సయానోక్రోకస్ జాతిని సూచిస్తుంది; దానికి నీలి క్రోకస్, అంటే నీలి కుంకుమపువ్వు, అని అర్థం. పూవు ఆకారంలో మన కుంకుమపువ్వును తలపించినా, రెండింటిదీ ఒకే కుటుంబం కాదు.

పూలలో ఇంత గాఢమైన నీలం అరుదు కావడమే ఈ మొక్కకు శాపమైందనవచ్చు. ఐరోపా తోటల్లో దీనికి గిరాకీ పెరిగిన కొద్దీ దుంపలను కొండల నుంచి విచ్చలవిడిగా తవ్వి తరలించారు. పశువుల మేత మిగిలినవాటినీ దెబ్బతీసింది. దుంప పోతే మరుసటి ఏటి పూవు ఒక్కటే కాదు, మొక్కే పోతుంది. విత్తనం నుంచి మొలిచినది పూతకు రావడానికి కొన్నేళ్లు పడుతుంది. 1950ల నాటికి సహజ ఆవాసంలో ఇది అంతరించిందనే భావించారు. అప్పటికి ఇది బతికి ఉన్నది తోటల్లోనే. వానలూ చలీ ఉన్న కాలంలో పెరిగి, ఎండాకాలమంతా పొడినేలలో నిద్రపోయే దాని స్వభావాన్ని అర్థం చేసుకున్న ఐరోపా పెంపకందార్లు, వేసవిలో కుండీలకు నీళ్లు ఆపి దాన్ని తరతరాలుగా నిలబెట్టారు. ఏ మోజు కొండను ఖాళీ చేసిందో, ఆ మోజే మొక్కను బతికించడం ఈ చరిత్రలోని చిక్కుముడి.

లండన్‌లోని క్యూ ఉద్యానం వంటి చోట్ల పెరిగిన దుంపలను స్వదేశానికి పంపాలన్న ఆలోచన సాగుతుండగా, 2001లో సాంటియాగోకు దక్షిణాన కొండల్లో సహజంగా పెరుగుతున్న మొక్కలు మళ్లీ కనిపించాయి. దాంతో ప్రశ్న మారింది. తోటల్లోని మొక్కలు ఒకప్పుడు తరలిపోయిన కొద్దిపాటి దుంపల సంతతి అయితే, వాటిలో జన్యువైవిధ్యం తక్కువగా ఉండవచ్చు. పైగా కుండీ మట్టితో పాటు వైరస్‌లు, తెగుళ్లు కొండకు చేరే ప్రమాదమూ ఉంది. కాబట్టి ముందుగా చేయవలసింది మిగిలిన సహజ మొక్కలను తవ్వకం నుంచీ మేత నుంచీ కాపాడడమే. కొత్తగా నాటాలంటే అక్కడి విత్తనం నుంచే పెంచడం మేలు.