పూసేదాకా ఆగితే పేరు తెలుస్తుంది

మృగశిర కార్తె వానలు పడి వారం తిరక్కుండానే మా కొత్త ఇంటి పెరడంతా పచ్చబడింది. నేను చల్లింది బెండ, గోంగూర, కాస్త కొత్తిమీర. అవి కాక మొలిచినవి లెక్కపెడితే పద్నాలుగు రకాలు తేలాయి. ఇల్లు హనుమకొండ శివార్లో ఉంది. పల్లం పూడ్చడానికి టిప్పర్‌తో ఎర్రమట్టి, మొక్కల కోసమని ట్రాక్టర్‌తో చెరువు మట్టి తోలించాం. నేను చల్లనివన్నీ ఆ రెండు మట్టుల్లో నిద్రపోతూ మా గేటు దాటి లోపలికి వచ్చినవే.

గింజలు మట్టిలో నిద్రపోతాయన్నది ఉత్త మాట కాదు. చిన్న గింజలో దాచుకున్న తిండి చాలా తక్కువ. బాగా లోతున మొలిస్తే పైకి చేరేలోపే అది అయిపోతుంది, మొలక చచ్చిపోతుంది. అందుకే చాలా రకాల కలుపు గింజలు వెలుతురు తగిలేదాకా మొలవవు. వాటిలో ఫైటోక్రోమ్ అనే పదార్థం ఉంటుంది. ఎండలోని ఎర్రని కాంతి సోకగానే అది మారి, మొలకెత్తే సమయమైందని గింజకు తెలియజేస్తుంది. మన్ను తవ్వి తిరగేసినప్పుడు తగిలే కాస్త వెలుతురే చాలా గింజలకు సరిపోతుంది. అలా తిరగెయ్యకపోతే ఎన్నాళ్లు ఆగగలవు? అమెరికాలోని మిషిగన్‌లో విలియం బీల్ అనే వృక్షశాస్త్రవేత్త 1879లో ఇదే తేల్చుకోవాలనుకున్నాడు. ఇరవైకి పైగా జాతుల గింజలను రకానికి 50 చొప్పున తడి ఇసుకలో కలిపి, 20 సీసాల్లో పోసి పాతిపెట్టాడు. కొన్నేళ్లకొక సీసా చొప్పున ఇప్పటికీ తీస్తున్నారు. 2021లో ఒకదాన్ని రాత్రిపూట, గింజలకు వెలుతురు సోకకుండా తవ్వి తీశారు. అందులోనూ కొన్ని మొలిచాయి.

సరే, మొలిచినవాటి పేర్లేమిటి? మొదటి వారంలో చెప్పడం కష్టం. ముందుగా విచ్చుకునే జంట ఆకులు అసలు ఆకులు కావు, గింజలోని బద్దలే. చాలా మొక్కల్లో అవి ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఆ తర్వాత వచ్చే ఆకులతో మొక్క తన పోలిక చూపించడం మొదలుపెడుతుంది. అప్పటికీ పొరపాటు జరుగుతుంది. వంగ నారు అనుకుని నీళ్లు పోసి పెంచిన రెండు మొక్కలు ఉమ్మెత్తలని నాకు ఆలస్యంగా తెలిసింది. రెండూ ఒకే కుటుంబం కాబట్టి లేతగా ఉన్నప్పుడు అంత పోలిక. వంకాయ, టమాటా, ఆలుగడ్డ పుట్టిన కుటుంబంలోనే ఒళ్లంతా విషమున్న ఉమ్మెత్త కూడా పుట్టింది. పేరు తేలని మొక్క ఆకును నోట్లో పెట్టుకుని చూడటం ఎందుకు కూడదో దీన్నిబట్టే అర్థమవుతుంది.

అందుకే ఒక పని చేశాను. తెలియని ప్రతి రకంలో ఒక్కో మొక్కకు పక్కన పుల్ల గుచ్చి, మిగతావి పీకేశాను. పుల్ల ఉన్నది పూసేదాకా దాని జోలికి పోకూడదు. ఆకు ఎండకూ నీడకూ, నీటికీ మట్టికీ తగ్గట్టు మారుతుంది. పువ్వు అంతగా మారదు. మొక్కల కుటుంబాలను శాస్త్రం ఎక్కువగా పువ్వును బట్టే పోల్చుకోవడానికి కారణం అదే.

ఎదురుచూస్తున్నన్నాళ్లూ వేళ్లతో తెలుసుకోగలిగింది కొంత ఉంది. గరిక లాంటి గడ్డి కాడను వేళ్ల మధ్య దొర్లిస్తే గుండ్రంగా తిరుగుతుంది. తుంగ కాడ మూడు పలకలుగా ఉండి అడ్డుపడుతుంది. తుమ్మి కాడ తులసి కాడలాగే నాలుగు పలకలు. రెండూ ఒకే కుటుంబం మరి. రెడ్డివారి నానుబాలు ఆకు తుంచితే తెల్లటి పాలు కారతాయి. తోటకూరేనని మురిసిపోతున్న మొక్కకు కణుపుల దగ్గర జంట ముళ్లు తగిలాయంటే అది ముళ్ల తోటకూర.

వీటన్నిట్లో నాకు బాగా నచ్చిన పాఠం నేలఉసిరిది. లేత చింత మొలకను, నేలఉసిరి రెమ్మను పక్కపక్కన పెడితే చూపుకు రెండూ ఒకటే, చిన్న చిన్న ఆకులు రెండు వరసలుగా. కానీ చింతలో మనం ఆకులనుకునేవి ఒకే పెద్ద ఆకుకు చీలికలు. నేలఉసిరిలో ప్రతి చిన్న ఆకూ పూర్తి ఆకే. దీన్ని తేల్చేది మొగ్గ. ఆకు కాడను అంటుకునే మూలలో మొగ్గ ఉంటుంది, చీలిక మొదట్లో ఉండదు. నేలఉసిరి రెమ్మను తిప్పి చూడండి. ఆకు ఆకు మూలలో ఓ చిన్న పువ్వో, ఆవగింజ కంటే కాస్త పెద్ద కాయో వేలాడుతుంటుంది. పైనుంచి చూసేవాళ్లకు అది కనపడదు.

గలిజేరు దగ్గర మాత్రం నేను ఓడిపోయాను. నేల మీద పాకుతూ, ఎర్రటి కాడలతో, గుండ్రటి ఆకులతో రెండు మొక్కలు. రెండూ ఒకటేననుకుని ఒకే పుల్ల గుచ్చాను. కలుపు తీయడానికి వచ్చిన అవ్వ చూసి నవ్వింది. "రెండూ గలిజేరే బిడ్డా. గది తెల్లది, గిది ఎర్రది. పీకి సూడు, ఏరు జూస్తే ఎరుకైతది" అంది. పీకాను. తెల్లది సులువుగా ఊడి వచ్చింది. ఎర్రదాని వేరు లావుగా, లోతుకు దిగి, నా చేతిలో తెగి సగం లోపలే ఉండిపోయింది. పూశాక చూస్తే తెల్ల గలిజేరు పువ్వు ఆకు మూలలోనే ఒదిగి ఉంది. ఎర్రదాని పూలు సన్నని కొమ్మల చివర గులాబి రంగు చుక్కల్లా పైకి లేచాయి, కాయలు బంకగా బట్టలకు అంటుకున్నాయి.

పేరు ఒకటే అయినా ఇవి అక్కచెల్లెళ్లు కావు. ఎర్ర గలిజేరు చంద్రకాంతకు, కాగితపు పూల తీగకు చుట్టం. తెల్లది వేరే కుటుంబంలో పుట్టింది. శాస్త్రనామాలు అక్కరకొచ్చేది ఇలాంటి చోటే. ఎర్రది బోయర్హావియా డిఫ్యూసా, తెల్లది ట్రయాంథెమా పోర్టులకాస్ట్రమ్. పలకడానికి నోరు తిరగకపోయినా, ఊరు మారితే మారే పేర్లు కావివి. పైగా వాటిలో మన మాటలూ ఉన్నాయి. 1780లలో సామర్లకోటలో ఉండి మన మొక్కలను వర్ణించిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ వాటి తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. మన సోమిద చెట్టు ఇవాళ ప్రపంచమంతటా సోయ్మిడా ఫెబ్రిఫ్యూగా. అవ్వ లాంటివాళ్లు ఎవరో చెబితేనే కదా ఆ పేరు పుస్తకంలోకి ఎక్కింది!

ఫోన్లో ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్‌లు ఇప్పుడున్నాయి, నేనూ వాడాను. పైనుంచి తీసిన ఒక్క ఆకు ఫొటోకు అవి తడబడతాయి. మొక్క మొత్తం, ఆకు కాడను కలిసే చోటు, ఆకు అడుగుభాగం, పువ్వు, కాయ విడివిడిగా తీసి పెడితే చాలాసార్లు దారిలో పడతాయి. అవి చెప్పిన పేరును నిజమని కాక, వెతకడానికి మొదలుగా తీసుకోవాలి.

పూసేదాకా ఆగాలన్నాను కదా, ఒక్కదాని విషయంలో ఆగకూడదు. అది వయ్యారిభామ, చాలామంది కాంగ్రెస్ గడ్డి అంటారు. అమెరికా ఖండం నుంచి వచ్చి, 1950లలో పుణే దగ్గర కంటపడి, దేశమంతా పరుచుకుంది. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. తాకితే కొందరికి ఒళ్లు దద్దుర్లెక్కుతుంది, పుప్పొడి పీలిస్తే ఉబ్బసం రేగుతుంది. మొలిచిన నెల, రెండు నెలల్లోనే పూస్తుంది. కాబట్టి దీన్ని లేతగా ఉన్నప్పుడే పోల్చుకోవాలి. క్యారెట్ ఆకులా లోతుగా చీలి, సన్నని నూగుతో, నేలకు అతుక్కుని చక్రంలా పరుచుకున్న ఆకులు దాని గుర్తు. ఆ దశలో, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, చేతికి తొడుగు వేసుకుని వేరుతో సహా లాగెయ్యాలి. వినాయక చవితి ముందురోజు పక్కింటి పిల్లవాడు మాచిపత్రి అనుకుని దీన్నే పిడికెడు తెంపుకొస్తే, చేతులు సబ్బుతో కడిగించి, ఉత్తరేణి, గరిక, ఉమ్మెత్త ఎక్కడున్నాయో మా పెరట్లోనే చూపించాను.

ఇప్పటికి పదమూడు పుల్లలు తీసేశాను. ప్రహరీ మూలన ఒకటి మిగిలింది. కాడ నాలుగు పలకలు, ఆకులు ఎదురెదురు, నలిపితే మరువంలా వాసన. నిన్న సాయంత్రం చివరన మొగ్గలు కనిపించాయి.