ఇరవయ్యో ల్యాపులో టైరు

రావులపాలెం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీరు కంప్యూటర్‌లో ఆడే కారు పందేల రీప్లేలు పంపారు కదా, అన్నీ కూర్చుని చూశాను. ఇటలీలోని మోంజా ట్రాకు మీద మొదటి అరగంట మీ కారును అందుకున్నవారే లేరు. ఆ తర్వాత ల్యాపు ల్యాపుకూ, అంటే ట్రాకు చుట్టూ తిరిగే ఒక్కో చుట్టుకూ, కొంచెం కొంచెంగా వెనకబడి, గంట నిండేసరికి ఒక్కొక్కరికీ దారి వదలాల్సి వచ్చింది. "టైర్లు పోయాయి తాతయ్యా" అని రాశారు. అవి చివర్లో పోయినట్టు మీకు కనిపించింది గానీ, మొదటి పది నిమిషాల్లోనే మీరు వాటిని చాలావరకు ఖర్చుపెట్టేశారు. ఎక్కడెక్కడ ఖర్చయ్యాయో చెబుతాను, ఓపికగా చదవండి. అంబాజీపేట నుంచి కొబ్బరికాయల లోడుతో వెళ్లే లారీల టైర్లు చూసుకుంటూ నా జీవితం గడిచింది. మీ కారు తెర మీదిదే అయినా, ఆ ఆటను తయారుచేసినవారు అసలు రబ్బరు నడతను చూసే లెక్కలు కట్టారు. అందుకే నా మాట మీకు పనికొస్తుందని నమ్ముతున్నాను.

అన్నిటికంటే ముందు అర్థం చేసుకోవాల్సింది జారుడు గురించి. చక్రం చూసే దిక్కుకూ కారు నిజంగా వెళ్లే దిక్కుకూ మధ్య కొద్ది డిగ్రీల తేడా ఉన్నప్పుడే రబ్బరు సాగి రోడ్డును పట్టుకుంటుంది. ఆ తేడా పెరిగేకొద్దీ పట్టూ పెరుగుతుంది, కానీ ఒక హద్దు వరకే. హద్దు దాటాక పట్టు తగ్గడం మొదలవుతుంది, వేడి మాత్రం పెరుగుతూనే ఉంటుంది. మోంజాలోని పరబోలికా మలుపులో మీ చేతులు గమనించాను. కారు ముందుభాగం బయటికి జరుగుతోందనిపించగానే స్టీరింగ్ ఇంకా తిప్పుతున్నారు. అప్పటికే హద్దు దాటిన టైరును మరింత అడ్డంగా ఈడుస్తున్నారన్నమాట. కారు తిరగదు, ఎడమ ముందు టైరు మాత్రం కాలిపోతుంది. కుడివైపు తిరిగే పొడవాటి మలుపులో బరువంతా పడేది దాని మీదే కదా. స్టీరింగ్ బరువు చేతుల్లో ఒక్కసారిగా తేలికైతే హద్దు దాటారని గుర్తు. ఆ క్షణంలో రవ్వంత వెనక్కి విప్పండి, యాక్సిలరేటర్ మీద కాలు కాస్త తేలిక చేయండి. పట్టు తిరిగి వస్తుంది. భయంతో ఇంకా తిప్పాలనిపిస్తుంది, నాకు తెలుసు. ఆ భయాన్ని ఆపుకోవడమే మీరు నేర్చుకోవాల్సిన మొదటి పని.

టైరుకున్న పట్టు మన కాలువలో వంతుకు వదిలే నీటిలాంటిది. వచ్చేది ఇంతే. పైతూము బార్లా తెరిస్తే శివారు పొలానికి చుక్క అందదు. బ్రేకు ఒక తూము, మలుపు ఇంకొక తూము. మీలో పెద్దవాడు రెండూ ఒకేసారి పూర్తిగా తెరుస్తున్నాడు. బ్రేకును గట్టిగా తొక్కిపెట్టి ఉండగానే స్టీరింగ్ తిప్పేస్తున్నాడు. అలా కాకుండా, తిన్నగా వెళుతున్నప్పుడు గట్టిగా తొక్కి, మలుపులోకి దిగేకొద్దీ బ్రేకును మెల్లమెల్లగా వదులుతూ అంతంత మేరకే స్టీరింగ్ తిప్పాలి. మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడూ ఇదే పద్ధతి. స్టీరింగ్ ఎంత విప్పితే యాక్సిలరేటర్ అంత తొక్కాలి. కాలూ చేయీ ఒకదానికొకటి చోటిచ్చుకుంటూ కదిలితే టైరు వేడి దానంతట అదే అదుపులో ఉంటుంది.

వెనక టైర్ల సంగతి వేరు. అవి ఎక్కువగా అరిగేది నెమ్మది మలుపుల నుంచి బయటపడే చోట. చక్రం జారితే ఇంజను బలం తగ్గించే ట్రాక్షన్ కంట్రోల్ ఉంది కదా అని పెడల్‌ను పూర్తిగా తొక్కేస్తున్నారు. అది పనిచేయడం మొదలుపెట్టిందంటేనే చక్రం అప్పటికి జారిందని అర్థం. ఆ దీపం తరచుగా వెలుగుతుంటే మీ పాదం తప్పు చేస్తోందన్నమాట. అలాంటి చోట గేరును కాస్త ముందే పైకి మార్చండి. చక్రానికి అందే బలం తగ్గుతుంది, జారుడూ తగ్గుతుంది.

బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోయి టైరు ఒకేచోట రాసుకుపోవడాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 2005లో ఫార్ములా వన్‌లో ఒక నియమం ఉండేది. పందెంలో ఎవరు ముందు నిలబడాలో తేల్చే క్వాలిఫయింగ్‌కూ, పందేనికీ కలిపి ఒకే సెట్టు టైర్లు వాడాలి. ఆ ఏడాది నూర్బుర్గ్‌రింగ్‌లో మెక్‌లారెన్ నడుపుతున్న కిమి రైకొనెన్ ముందంజలో ఉండగా బ్రేకు బిగుసుకుని కుడి ముందు టైరు ఒకచోట చదునైపోయింది. ల్యాపు ల్యాపుకూ కంపనం పెరిగింది. తెర మీద చూసేవాళ్లకు కూడా ఆ చక్రం అదురు కనిపించింది. అయినా ఆగకుండా నడిపించారు. చివరి ల్యాపు మొదట్లోనే, మొదటి మలుపుకు బ్రేకు వేయగానే సస్పెన్షన్ విరిగిపోయింది. వెనకే ఉన్న ఫెర్నాండో అలోన్సో గెలిచాడు. ఒక్క బ్రేకు తప్పుకు అంత ఖరీదు! మీ ఆటలోనూ చదునైన టైరు స్టీరింగ్‌ను దడదడలాడిస్తుంది. అది మొదలైతే బ్రేకును కొంచెం ముందుగా, కొంచెం మెత్తగా తొక్కండి. బ్రేకు బలంలో కొంత ముందు చక్రాల నుంచి వెనక్కి మార్చుకోండి. ఎక్కువ మారిస్తే కారు వెనకభాగం తిరిగిపోతుంది, జాగ్రత్త.

ఇక గాలి. లారీ టైరుకు గాలి ఎక్కువైతే నడిమి భాగం అరుగుతుంది, తక్కువైతే రెండు అంచులూ అరుగుతాయి, పైగా పక్కలు ముడుచుకుని లోపల వేడెక్కుతుంది. మీ కారుకూ అంతే. మీరు ఆడే అసెట్టో కోర్సా కాంపిటిజియోనే ఆట ఈమధ్య వెర్షన్లలో, జీటీ3 తరగతి కార్లకు తడిలేని ట్రాకు మీద వాడే టైర్లలో పరుగులో వేడెక్కాక గాలి ఒత్తిడి 26 నుంచి 27 పి.ఎస్.ఐ. మధ్య ఉంటే మంచిది. గాలి వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది. పది డిగ్రీలకు సుమారు ఒకటి, ఒకటిన్నర పి.ఎస్.ఐ. లెక్క వేసుకోండి. సాధనలో ట్రాకు చల్లగా ఉన్నప్పుడు సరిపోయిన గాలినే ఎండవేళ పందేనికి పెట్టేశారు మీరు. రెండు మూడు ల్యాపులకే ఒత్తిడి హద్దు దాటింది, ఆ తర్వాత ఎంత బాగా నడిపినా కారు జారుతూనే ఉంది. ఆగిన లారీ టైరును అరచేత్తో నిమిరి చూస్తే దాని కథంతా తెలిసిపోయేది. మీకు ఆ వీలు లేదు కాబట్టి లోపలి అంచు, మధ్య, బయటి అంచు ఉష్ణోగ్రతలు తెర మీద చూసి రాసుకోవాలి. ఐరేసింగ్ అనే ఇంకో ఆటలో అయితే పరుగులో ఉండగా అరుగుదల కనిపించదు, టైర్లు మార్చుకోవడానికి ఆగే పిట్‌లోకి వచ్చాకే తెలుస్తుంది. అక్కడ చెవులకూ చేతులకూ ఇంకా ఎక్కువ పని.

మలుపుల అంచున ఎత్తుగా ఉండే కెర్బుల మీదికి అడ్డంగా ఎక్కకండి. మరో కారు వెనకే అంటిపెట్టుకుని మలుపు తిరిగితే కారు ముందుభాగాన్ని కిందికి నొక్కే గాలి అందక ముందు టైర్లు జారతాయి. దాటే అవకాశం లేనప్పుడు కాస్త దూరం వదలండి. పొడవైన దారి చివర బ్రేకు చోటు రాకముందే యాక్సిలరేటర్ వదిలేస్తే పెట్రోలూ మిగులుతుంది, ముందు టైర్లకూ విశ్రాంతి.

మొదటి పది నిమిషాలు అని ఎందుకు అన్నానంటే, అప్పుడు ట్యాంకు నిండుగా ఉంటుంది. వంద లీటర్ల పెట్రోలు దాదాపు 75 కిలోల బరువు. కారు అన్నిటికంటే బరువుగా, టైర్లు ఇంకా పూర్తిగా వేడెక్కకుండా ఉన్న ఆ సమయంలోనే మీరు అన్నిటికంటే దూకుడుగా నడుపుతున్నారు. టైర్లను కాచుకోవడానికి మొదట్లో ల్యాపుకు 0.3 సెకను వదులుకున్నారనుకుందాం. ఇరవై ల్యాపులకు పోయేది ఆరు సెకన్లు. చివరి పది ల్యాపుల్లో ల్యాపుకు సెకనున్నర చొప్పున పోగొట్టుకుంటే పదిహేను సెకన్లు. మీ రీప్లేలో జరిగింది ఇంచుమించు ఈ రెండోదే.

ఈ వారం గెలుపు సంగతి పక్కనపెట్టి నిండు ట్యాంకుతో ఒక పూర్తి స్టింట్, అంటే పిట్‌లో ఆగకుండా నడిపే ఒక విడత, ఒంటరిగా నడపండి. ప్రతి ఐదు ల్యాపులకూ సమయం, నాలుగు టైర్ల వేడి నోటు పుస్తకంలో రాయండి. మొదటి ఐదు ల్యాపులకూ చివరి ఐదు ల్యాపులకూ తేడా తగ్గుతోందా లేదా అన్నదే చూడండి, వేగమైన ల్యాపు ఏదన్నది పట్టించుకోవద్దు. ఇంకొక మాట. మీ ముగ్గురిలో చేతులు నిదానంగా కదిలేది చిన్నదానివే. అది ట్రాక్షన్ కంట్రోల్ దీపం దాదాపు వెలిగించదు. వేగం తక్కువని దాన్ని చివరన కూర్చోబెడుతున్నారు. ఆదివారం ఆరు గంటల పందెంలో మొదటి స్టింట్ దానికివ్వండి, నిండు ట్యాంకుతో.

ఇట్లు,
మీ తాతయ్య