రాతి గొడ్డలి దొరికితే పొలం పోదు: అపోహలు - వాస్తవాలు

మొన్న శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి వైపు నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. దుక్కిలో నున్నటి నల్లరాయి బయటపడిందట, ఒక అంచు పదునుగా ఉందట. "ఎవరికీ చెప్పొద్దంటున్నారు సార్. గవర్నమెంటు పొలం లాగేసుకుంటుందా?" గొంతులో టెన్షన్ తెలుస్తోంది. కొండల్లో తొలి రైతుల ఊళ్ల ఆనవాళ్లు వెతికే పని నాది. ఏ ఊరు వెళ్లినా ముందు ఎదురయ్యేది ఇదే ప్రశ్న.

లాగేసుకోదు. రాయి దొరికినంత మాత్రాన పట్టా మారదు. పురాతన కట్టడాలు, పురావస్తు స్థలాల రక్షణకు ఉన్న 1958 కేంద్ర చట్టం కింద ఒక స్థలాన్ని రక్షిత స్థలంగా ప్రకటించాలంటే ముందు గెజెట్‌లో నోటీసు ఇవ్వాలి, అభ్యంతరాలకు రెండు నెలల గడువు ఇవ్వాలి. చుట్టూ 100 మీటర్ల దాకా కట్టడాలు కట్టకూడదని అందరూ భయపడే నిషేధం కూడా అలా ప్రకటించిన చోటుకే. ప్రకటించినా యాజమాన్యం దానంతటది పోదు. భూమి తీసుకోవాలంటే భూసేకరణ జరగాలి, పరిహారం ఇవ్వాలి. ఇంత చిన్న విషయం తెలియక ఎంత పోగొట్టుకుంటున్నామో చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

కొన్నేళ్ల కిందట మందస దగ్గర, మహేంద్రగిరి దిగువన, ఒక పెద్దాయనకు అలాంటివి నాలుగు దొరికాయి. నేను వెళ్లేసరికి ఒక్కటీ లేదు. "సెప్తే పట్టా పోతాదన్నారు బాబూ, గెడ్డలో పడేసినాను" అన్నాడు. గెడ్డ అంటే వాగు. ఆయన్ని ఏమనగలను? ఉన్నది ఎకరంన్నర, దానిమీదే ఇల్లంతా బతకాలి. తప్పంతా ఆ పుకారు పుట్టించినవాళ్లదే.

రాయి వయసు రాయిలో ఉండదు. కాలం తేల్చే కార్బన్ పరీక్ష బొగ్గుకీ, ఎముకకీ, మాడిన గింజకీ చేస్తాం, రాయికి కాదు. రాయి ఏ మట్టి పొరలో ఉంది, పక్కన ఏ కుండ పెంకులున్నాయి, బూడిద ఉందా అన్నవే దాని కాలం చెబుతాయి. ఆ బూడిదమట్టిని నీళ్లలో కలిపితే మాడిన గింజలు పైకి తేలతాయి. దక్షిణాదిలో తొలి రైతులు వేసినవి ఉలవలు, పెసలు, అండుకొర్రలని ఇలాగే తెలిసింది. వరే మొదటి పంట అనుకునేవాళ్లు ఇది గమనించాలి. కంది పుట్టిల్లు కూడా ఒడిశా, బస్తర్ చుట్టుపక్కలేనంటారు, దాని అడవి చుట్టం ఇప్పటికీ ఆ కొండల్లో మొలుస్తోంది. అందుకే మన వైపు దొరికే ప్రతి గింజా నాకు ముఖ్యం.

మిగతా అపోహల గురించి క్లుప్తంగా. అది పిడుగుతో పడిన రాయి కాదు, మనిషి బండమీద నూరి చేసుకున్న గొడ్డలి. దాని కింద లంకెబిందెలు ఉండవు. మన దేశంలో నాణేలు వచ్చి రెండున్నర వేల ఏళ్లు దాటింది, ఈ ఊళ్లు అంతకన్నా వెయ్యేళ్లకు పైగా పాతవి. నిధికోసం రాత్రిపూట తవ్వేవాళ్లు పొరలన్నీ కలిపేసి పోతున్నారు. మంచి మనసుతో రాళ్లు ఏరి గోనెసంచిలో నా దగ్గరికి తెచ్చేవాళ్లకూ ఒక మాట: తేవద్దు. ఉన్నచోటే ఉంచి, సైజు తెలిసేలా పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫోటో తీసి, లొకేషన్ పంపండి చాలు. కడగొద్దు.

ఆ పెద్దాయన నాతో గెడ్డలోకి దిగాడు. సాయంత్రం దాకా వెతికితే ఒక్కటి దొరికింది. అది పొలంలో ఎక్కడిదో ఆయనకు గుర్తులేదు. తిరిగొస్తూ చింతచెట్టు దగ్గర ఆగి, "ఈ గట్టు పక్కన ఇంకా దున్నలేదు బాబూ" అన్నాడు. వంగి చూశాను. గడ్డి మొదళ్లలో బూడిదరంగు మట్టి, చేత్తో చేసిన కుండ పెంకులు రెండు కనిపించాయి.