ఉపగ్రహం చూపిన చేపలు ఎవరి వలలో పడతాయి?

మార్చి, ఏప్రిల్ నెలల్లో విశాఖ తీరం పొడవునా నైరుతి గాలి తోస్తుంది. భూమి తిరుగుతుండటం వల్ల పైపొర నీరు గాలివాటున పోకుండా కుడివైపుకు, అంటే నడిసముద్రం వైపుకు జరుగుతుంది. ఆ చోటులోకి అడుగునున్న చల్లటి నీరు నైట్రేట్లు, ఫాస్ఫేట్లు మోసుకుని పైకి వస్తుంది. వాటితో కంటికి ఆనని వృక్ష ప్లవకాలు, అంటే నీటిలో తేలే మొక్కల్లాంటి జీవులు, పెరుగుతాయి. వాటి వెంట కవళ్లు, కానాగంతలు లాంటి చిన్న చేపలు, ఆ చేపల వెంట వంజరాల్లాంటి పెద్ద చేపలు. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఈ చల్లనీటి పొంగును ఇక్కడే పరిశీలించాడు.

ఇప్పుడు ఆ జాడను ఉపగ్రహాలు తీస్తున్నాయి. ఒకటి సముద్రం పైపొర వేడిని కొలుస్తుంది. ఓషన్‌శాట్ లాంటిది నీటి రంగును బట్టి ప్లవకాల్లోని పత్రహరితం ఎంతుందో చెబుతుంది. రెండూ కలిపి, చేపలు గుమిగూడే వీలున్న చోట్లను హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ గుర్తించి తెలుగులోనూ సమాచారం పంపుతుంది: తీరంలో ఫలానా చోటి నుంచి ఏ దిక్కుకు, ఎన్ని కిలోమీటర్లు, అక్కడ లోతెంత. మబ్బు పడితే ఉపగ్రహానికి కనబడదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి ఆ 61 రోజులూ సూచనలుండవు.

దీనికి పైసా కట్టక్కర్లేదు. మంచిదే. కానీ సూచనలో 45 కిలోమీటర్లు అని ఉందనుకోండి. ఫిషింగ్ హార్బర్‌లోని మరబోటుకు అదో లెక్క కాదు. జీపీఎస్ ఉంది, ఐస్ ఉంది, నాలుగు రోజులు సముద్రంలోనే ఉండగలదు. ఇంజను బిగించిన ఫైబర్ పడవైతే ముందు డీజిల్ లెక్క వేసుకుంటుంది. తెడ్డేసుకుని వెళ్లే తెప్పకు మాత్రం ఆ కబురు ఉన్నా లేనట్టే. ప్రజల డబ్బుతో తయారైన సమాచారం అందరికీ ఒకేలా అందుతోంది, లాభం మాత్రం ఇంజను హార్స్‌పవర్‌ని బట్టి దక్కుతోంది. తీరానికి దగ్గర్లో, తెప్పలు వెళ్లగలిగే మేరలో చేపల జాడ చెప్పడం కష్టమైన పనే. ఒడ్డు దగ్గర నీరు బురదగా ఉంటే ఉపగ్రహం రంగును సరిగ్గా పోల్చుకోలేదు. పరిశోధనకు డబ్బు పెట్టాల్సింది అక్కడేనని నా అభిప్రాయం.

ఇక బోట్లన్నీ ఒకే చోటికి పోయి ఒకే చేపను తెస్తే వేలంలో ధర పడిపోతుంది. గంపతో కొని వీధుల్లో అమ్ముకునే ఆడవాళ్లకు ఆ రోజు సరుకు చవకే, కానీ సాయంత్రానికి మిగిలినదానికి ఐస్ ఎవరిస్తారు? చేప ఎక్కడుందో చెప్పే శాస్త్రం ఉంది గానీ, గంపలో దాన్ని పాడవకుండా ఉంచే సంగతికి అంత పట్టింపు కనబడదు.

తుపాను హెచ్చరిక సంగతి వేరు. దాన్ని వాడుకోవడానికి ఇంజను అక్కర్లేదు, ఒడ్డున ఉండిపోతే చాలు. 1977 దివిసీమ ఉప్పెనలో దాదాపు పదివేల మంది పోయారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ మీదికే వచ్చినా రాష్ట్రంలో ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. పడవలు, వలలు పోయాయి, అది వేరే నష్టం. అయినా సముద్ర శాస్త్రం పేదవాడికి చేసిన అతి పెద్ద మేలు ఇదే.

అయితే ఈ కబురు కూడా సముద్రం మీద అందాలి కదా. ఒడ్డు నుంచి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే ఫోన్ సిగ్నల్ ఉండదు. అందుకే ఇస్రో ఉపగ్రహం ద్వారా రెండువైపులా సందేశాలు నడిపే ట్రాన్స్‌పాండర్లను లక్ష బోట్లకు ఉచితంగా బిగించే పథకాన్ని 2024లో కేంద్రం మొదలుపెట్టింది. అది మరబోట్లకు, ఇంజను పడవలకు. తెప్ప ఒడ్డుకు దగ్గర్లోనే ఉంటుంది, ఫోన్ సరిపోతుందనేది ఒక వాదన. నీళ్లలో తడిసే తెప్ప మీద ఫోన్ పట్టుకెళ్లేవాళ్లు ఎంతమందో ముందు జాలరిపేటలో అడిగి చూడాలి.