సంప్‌లో నాచుకు ఒక గది ఇవ్వాలా?

మా బావమరిది బెజవాడ సత్యనారాయణపురంలో కొత్తగా నాలుగడుగుల రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం, పెట్టాడు. కింద సంప్‌లో, అంటే ట్యాంకు నీళ్లు దిగి శుభ్రమై పంపుతో మళ్లీ పైకి వెళ్లే తొట్టిలో, ఒక అర ఖాళీగా మిగిలింది, "బావా, ఇక్కడ రెఫ్యూజియం పెట్టమంటావా వద్దా" అని వారం నుంచి ఒకటే అడగడం.

రెఫ్యూజియం అంటే ఉప్పునీళ్లు నెమ్మదిగా పారే ఒక అర, అందులో గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచులా ఉండే కీటోమార్ఫా నాచు, పైన ఒక లైటు. చేపల మలం, మిగిలిపోయిన మేత వల్ల నీళ్లలో చేరే నైట్రేటు, ఫాస్ఫేటు పీల్చుకుని నాచు పెరుగుతుంది. మన బందరు కాలువలో గుర్రపుడెక్క పెరిగేదీ ఇలాంటి ఎరువు మీదే. దాన్ని పొక్లెయిన్‌తో తీసి దూరంగా పోస్తే ఆ ఎరువు కాలువలోంచి పోయినట్టు, అక్కడే కుళ్లనిస్తే మళ్లీ నీళ్లలోకే. నాచూ అంతే, రెండు వారాలకోసారి గుప్పెడు తెంపి బయట పడేస్తేనే లాభం. కాలెర్పా రకం మాత్రం వద్దు, అది ఒక్కోసారి రాత్రికి రాత్రి బీజకణాలు వదిలేసి తెల్లబడి చచ్చిపోతుంది, అన్నాళ్లూ పీల్చుకున్నది మళ్లీ ట్యాంకులోకే వచ్చేస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చేది రాత్రి సంగతి. పగలు పగడాల్లో ఉండే సూక్ష్మ శైవలాలు కార్బన్ డయాక్సైడ్ వాడుకుంటాయి, లైటు ఆరాక ట్యాంకులో ఉన్న ప్రాణులన్నీ దాన్ని వదలడమే, దాంతో నీళ్లలో ఆమ్లం పెరిగి, పగలు 8.3 దగ్గరున్న పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత) తెల్లారేసరికి 7.9కి దిగడం మామూలే. రోహిణి కార్తెలో తలుపులు బిగించి ఏసీ వేసుకుని పడుకుంటాం కదా, గదిలో మనం వదిలిన గాలి కూడా తోడై ఇంకాస్త దిగుతుంది. అందుకే నాచు మీది లైటు రాత్రి వెలిగించాలి. పైన చీకటైతే కింద నాచు పని మొదలుపెడుతుంది, పీహెచ్ మరీ పడిపోదు. ఆ లైటు వేడి మధ్యాహ్నపు ఎండకు తోడవకపోవడం ఇంకో మేలు, నీళ్లని 26 డిగ్రీల దగ్గర ఆపడానికే వాటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం నానా తంటాలు పడే ఊరు మనది.

కోపిపాడ్ల సంగతి కూడా చెప్పాలి. రొయ్యలకు దూరపు చుట్టాలు, ఆవగింజంత కూడా ఉండవు. చేపల నోటికి దొరకకుండా ఆ నాచులో తలదాచుకుని పిల్లల్ని పెడతాయి, రెఫ్యూజియం అనే మాటకు అర్థమే ఆశ్రయం. కొన్ని పంపులోంచి పైకి వెళ్తాయి, మాండరిన్ చేప రోజంతా ఏరుకు తినేది వీటినే.

ఇంతా చెప్పి మా వాడికి ఇప్పుడొద్దన్నాను. వాడి ట్యాంకులో ఉన్నవి రెండు క్లౌన్ చేపలు, నైట్రేటు 2 పీపీఎం. నాచుకు తిండెక్కడిది? ఉన్న కాస్తా అదే లాగేస్తే పగడాలు పాలిపోతాయి, నైట్రేటు, ఫాస్ఫేటు రెండూ సున్నాకి పడితే డైనోఫ్లాజెలేట్లనే సూక్ష్మజీవులు వచ్చి గోధుమరంగు జిగురులా ఇసుకంతా కప్పేస్తాయి, వాటిని వదిలించుకోవడం ఒక్కోసారి నెలల పని. ప్రస్తుతానికి ఆ అరలో కాసిని రాతిముక్కలు వెయ్యి, కోపిపాడ్లకు అవి చాలు, లైటు కొనకు అన్నాను. చేపలు ఆరేడై, నీళ్లు మారుస్తున్నా నైట్రేటు 20 దాటుతుంటే అప్పుడు కీటోమార్ఫా నా ట్యాంకులోంచే ఇస్తాను, ఎలాగూ నేను తెంపి పడేస్తున్నదే.